కరతలామలకం

కార్తిక మాసంలో ఉసిరిచెట్టు నీడన భోజనం చేయడం మా చీపురుపల్లి వైపు ఇప్పటికీ మానని వేడుక. కిందటి కార్తికంలో మా విశ్రాంత ఉపాధ్యాయుల జట్టు ఊరికి కొంత దూరాన ఒక తోటలో వనభోజనానికి చేరినది. విస్తళ్ళు పరచి పులిహోర వడ్డిస్తున్న వేళ నా చరవాణి మ్రోగినది.

“మాస్టారూ, బాగున్నారా? నేనండి...” అని ఒక ఆడపిల్ల గొంతు. పేరు చెప్పకముందే గుర్తుపట్టినాను. పద్యం అప్పజెప్పేటప్పుడు యతిస్థానం దగ్గర చిన్న ఊపిరి తీసుకొని ముందుకు సాగే పిల్ల. రసాయనశాస్త్రం చదివి, ఇప్పుడు హైదరాబాదులో చర్మానికి పూసుకొనే లేపనాలు తయారుచేసే ఒక సంస్థలో పనిచేస్తున్నది.

“ఒక్క వాక్యం చూసిపెట్టాలి మాస్టారూ. ఉసిరికాయ సారంతో కొత్త క్రీము వస్తోంది. డబ్బా మీద తెలుగులో కూడా రాయిస్తున్నాం. మీకన్నా ఎవరు బాగా చూస్తారు?”

ఆమె పంపిన వాక్యం ఇది: ‘ఉసిరి ఆక్సీకరణ నిరోధక శక్తితో కాలుష్యం నుండి మీ చర్మానికి సంపూర్ణ రక్షణ.’

మన ఉసిరికాయ డబ్బా మీదికి ఎక్కుతున్నదని మొదట సంతోషించినాను. వాక్యంలో దోషం కూడా పెద్దది లేదు. ‘ఉసిరి’ని ‘ఉసిరిలోని’ అని మార్చితే చాలును. కాని ఆ మార్పు చేసిన తరువాత నా కలం ‘సంపూర్ణ రక్షణ’ దగ్గర ఆగిపోయినది. మన భాషలో రక్ష అన్నది చిన్న మాట కాదు. పసిబిడ్డకు నీళ్ళు పోసి, చివర చెంబెడు నీళ్ళు చుట్టూ తిప్పి పోసి ‘శ్రీరామరక్ష’ అంటాము. అంతటి భారం మోసే మాటను ఒక డబ్బా మీద అతికించేముందు ఎవరో ఒకరు హామీ ఉండవద్దా? వాక్యం దిద్దినవాడిని నేనే గనుక, ఆ హామీలో నాకూ పాలు ఉన్నది.

“అమ్మా, రక్షిస్తుందని ఎలా తెలిసినది?” అని అడిగినాను.

“టెస్టులు చేశాం కదండీ.”

“ఆ కాగితాలు, చూపదగినంత మేరకు పంపు. చదివి వ్రాస్తాను.”

పంపినది. ఆ కాగితాలు చదివిన అనుభవమే ఈ టపా. నా అభిప్రాయాన్ని ముందే చెప్పెదను. పండ్ల సారాలకు పరీక్షలు జరగాలి, బాగా జరగాలి. అయితే పరీక్షానాళికలో తేలిన నిజాన్ని మనిషి చెంప మీద నిజంగా అమ్మరాదు. అమ్మేందుకు భాషను అరువు ఇవ్వరాదు.

తరగతిలో ‘కరతలామలకం’ అన్న మాటకు అర్థం చెప్పేటప్పుడు, ‘అరచేతిలోని ఉసిరికాయ వలె స్పష్టమైనది’ అని చెప్పేవాడిని. ఒక కొంటె కుర్రాడు ‘ఉసిరికాయే ఎందుకండీ, జామకాయ స్పష్టంగా కనబడదా?’ అని అడిగినాడు కూడా. అందరూ నవ్వినారు. ఇన్నేళ్ళకు నాకు వేరొక సందేహం కలిగినది. అరచేతిలో పెట్టుకొని చూస్తే ఉసిరికాయ గురించి నిజంగా మనకు స్పష్టమయ్యేది ఎంత?

కాగితాలలోని మాటలు నాకు కొత్తవి. మా బడిలో భౌతిక రసాయన శాస్త్రాలు బోధించిన మిత్రుని ఇంటికి రెండు సాయంత్రాలు వెళ్ళి చెప్పించుకొన్నాను. తెలుసుకొన్నది తెలుగు వాచకం చెప్పినట్టే చెప్పెదను.

ఇనుము తుప్పు పట్టడం, కోసిన ఆపిల్ ముక్క నల్లబడడం, పాత నూనె కమురు వాసన వేయడం, ఇవన్నీ ఆక్సీకరణలే. మన శరీరంలోనూ ఇది జరుగుతూ ఉంటుంది. ఎండ, పొగ, మసి తగిలినప్పుడు చర్మంలో ‘ఫ్రీ రాడికల్స్’ అనే నిలకడలేని కణాలు ఎక్కువవుతాయి. ఒక ఎలక్ట్రాను కొరవడి, పక్కనున్న కొవ్వు నుండో, మాంసకృత్తు నుండో దానిని లాగుకొనే స్వభావం వాటిది. తన ఎలక్ట్రానును ఇచ్చి ఆ గొలుసును తెంపే పదార్థమే ఆక్సీకరణ నిరోధకం, అందరూ వాడే మాటలో యాంటీ ఆక్సిడెంటు.

ఒక పండులో ఈ శక్తి ఎంత ఉన్నదో కొలిచే పద్ధతులలో మిక్కిలి ప్రచారంలో ఉన్నది డీపీపీహెచ్ పరీక్ష. డీపీపీహెచ్ అన్నది చిక్కని ఊదారంగు ద్రావణం. అది స్వయంగా ఒక ఫ్రీ రాడికల్. దానిలో పండు సారం చుక్కలు వేసి, కొంతసేపు చీకటిలో ఉంచుతారు. సారంలో నిరోధక శక్తి ఉంటే ఊదారంగు తగ్గి పసుపుకు తిరుగుతుంది. 517 నానోమీటర్ల వెలుగును దాని గుండా పంపి రంగు ఎంత విరిగినదో యంత్రం లెక్క కడుతుంది. సగం రంగు విరగడానికి ఎంత సారం పట్టినదో దానిని ఒక అంకెగా వ్రాస్తారు. అంకె ఎంత చిన్నదైతే సారం అంత బలమైనది.

చక్కని పరీక్ష. చవక, త్వరగా తేలుతుంది, కంటికి కనబడుతుంది. ఆ సంస్థ కాగితాలలో ఉసిరి సారం ఈ పరీక్షలో ఘనంగా నెగ్గినది. కాని నా మిత్రుడు నవ్వి, “మాస్టారూ, మీరు తాగుతున్న ఈ టీ నీళ్ళు పోసినా ఆ రంగు విరుగుతుంది” అన్నాడు. ఆ నాళికలో చర్మం లేదు, చెమట లేదు, ఎండ లేదు, దుమ్ము లేదు. ఒక ఊదా ద్రావణం, ఒక సారం, అంతే ఉన్నవి.

ఇక్కడ నాకు నా వృత్తి గుర్తుకు వచ్చినది. నిఘంటువులో మాటకు అర్థం ఉంటుంది. అది అబద్ధం కాదు. కాని వాక్యంలో ఆ మాట ఏమి చేస్తుందో నిఘంటువు చెప్పజాలదు. ‘మహానుభావుడు’ అన్న మాటను నిఘంటువులో చూసినవాడికి, బజారులో ఒకడు ఇంకొకడిని ‘ఓరి మహానుభావా’ అని ఎందుకు అన్నాడో బోధపడదు. అర్థం ఒకటి, ప్రయోగం ఒకటి. పరీక్షానాళికలో తేలినది ఉసిరికాయ నిఘంటువు అర్థం. చర్మం మీద అది ఏమి చేస్తుందన్నది ప్రయోగం. మొదటిది చూపి రెండవది తెలుసునని చెప్పడం పండితుడికి తగదు. శాస్త్రజ్ఞుడికి అసలే తగదు.

అర్థానికీ ప్రయోగానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో చూడడానికి మనం హైదరాబాదు పోనక్కరలేదు, పలాస పోతే చాలు. జీడిపిక్క పెంకులో ఒక నూనె ఉన్నది. అందులో అధిక భాగం అనకార్డిక్ ఆమ్లం. ప్రయోగశాలలలో దానిని ఆక్సీకరణ నిరోధకంగా పరీక్షించిన వ్యాసాలు ఎన్నో వెలువడినవి. పరీక్షలలో అది గుణవంతురాలే. అదే నూనె పిక్కలు కొట్టే ఆడవారి వేళ్ళకు తగిలితే చర్మం నల్లబడి, పొక్కి, ఊడివస్తుంది. అందుకే ఆముదమో బూడిదో పూసుకొని పనిలో కూర్చుంటారు. ఆక్సీకరణ నిరోధకమన్న ఒక్క బిరుదు చూచి చర్మానికి మేలని రాసేవారు ఒక్క పూట ఆ పిక్కల రాశి ముందు కూర్చుంటే చాలు, మళ్ళీ ఆ మాట రాయరు. నిమ్మరసమూ అంతే. ముఖానికి రాసుకొని ఎండలోకి వెళితే కొందరికి బొబ్బలెక్కి నల్ల మచ్చలు మిగులుతాయి. నిమ్మజాతి పండ్లలోని కొన్ని పదార్థాలు ఎండతో కలిసి చేసే పని అది. పండు అయినంత మాత్రాన చర్మానికి చుట్టం కాదు.

ఇక రెండవ సంగతి. ‘ఉసిరి సారం’ అన్నప్పుడు అది ఏ ఉసిరి? హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి పాత పట్టికలో 100 గ్రాముల ఉసిరికాయలో 600 మిల్లీగ్రాముల సి విటమిను అని ఉండేది. మేమంతా తరగతిలో అదే చెప్పినాము. అదే సంస్థ 2017లో వెలువరించిన కొత్త పట్టికలో అది సుమారు 252 మిల్లీగ్రాములు. జామకాయ అంకె మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు 210 దగ్గరనే నిలిచినది. ఇందులో ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. రకం మారుతుంది, నేల మారుతుంది, పక్వం మారుతుంది, కొలిచే పద్ధతి మారుతుంది. పేరుపొందిన సంస్థ ఎంతో జాగ్రత్తగా కొలిచినప్పుడే ఇంత తేడా వస్తే, ఎండబెట్టి, పొడిచేసి, ఏదో ద్రావకంలో నానబెట్టి, పీపాలలో నింపి, నెలల తరువాత క్రీములో కలిపిన సారం మొదటినాటి గుణంతోనే ఉన్నదని ఎలా నమ్మడం? పీపా పీపాకూ కొలవాలి. క్రీము డబ్బాలోకి చేరిన తరువాత కొలవాలి. డబ్బా మూత తీసి రెండు నెలలు వాడిన తరువాత కూడా కొలవాలి.

ఉసిరికి ఈ విషయంలో ఘనమైన చరిత్రే ఉన్నది. 1936లో, మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో, మద్రాసులో దామోదరన్, నాయర్ అనే పరిశోధకులు ఉసిరికాయలోని టానిన్ సి విటమినును చెడిపోకుండా కాపాడుతున్నదని గమనించి ఇంగ్లండు జీవరసాయన పత్రికలో ప్రచురించినారు. ఉసిరికాయ వగరు వెనుక ఉన్న రహస్యం అది. వారు ఆ వ్యాసంలో వ్రాసినది టానిన్ విటమినును కాపాడుతుందని, అంతే. మనిషిని కాపాడుతుందని వ్రాయలేదు. తొంభై ఏళ్ళ క్రితపు ఆ నిగ్రహం ఇప్పటి డబ్బాల మీద కనబడదు.

అంకెలు ఎలా దారితప్పుతాయో చెప్పడానికి మరొక ఉదాహరణ. అమెరికా వ్యవసాయ శాఖ వారు పండ్లకు, కూరలకు ‘ఓరాక్’ అనే పద్ధతిలో ఆక్సీకరణ నిరోధక శక్తి అంకెలు కట్టి పెద్ద పట్టిక ఒకటి ప్రజలకు అందుబాటులో ఉంచినారు. వ్యాపారులు దానిని పట్టుకొని, మా పండు అంకె పెద్దదంటే మా పండు అంకె పెద్దదని ప్రకటనలు గుప్పించినారు. చివరకు 2012లో ఆ శాఖే పట్టికను ఉపసంహరించినది. ఆ అంకెలకూ శరీరంలో కలిగే ఫలితానికీ సంబంధం నిరూపణ కాలేదనీ, వాటిని దుర్వినియోగం చేస్తున్నారనీ కారణం చెప్పినది. తాను కట్టిన అంకెలను తానే వెనక్కు తీసుకొన్న ఆ నిజాయితీకి నేను నమస్కరిస్తాను.

మూడవది, గుమ్మం సంగతి. చర్మం అన్నది గోడ. ఎవరిని పడితే వారిని లోనికి రానివ్వకపోవడమే దాని పని. 500 డాల్టన్ల కంటె బరువైన అణువులు ఆరోగ్యమైన చర్మపు పైపొరను దాటి పోవడం కష్టమని 2000లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన లెక్కను ఈ రంగంలో ఇప్పటికీ ఉదహరిస్తారు. ఉసిరిలో గొప్పగా చెప్పే ఎంబ్లికానిన్ అణువు బరువు 780కి పైమాటే. సి విటమిను తేలికే, 176. కాని అది నీటిలో కరిగేది. చర్మపు పైపొర కొవ్వుతో అలికిన గోడ. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయపు షెల్డన్ పిన్నెల్ బృందం 2001లో పంది చర్మం మీద పరీక్షించి, ద్రావణపు పీహెచ్ 3.5 కంటె తక్కువ ఉంటే తప్ప సి విటమిను లోనికి సరిగా పోదనీ, 20 శాతం మించి కలిపినా లాభం లేదనీ చూపినది. అంటే ‘ఇందులో సి విటమిను ఉన్నది’ అనడం చాలదు. ఎంత ఉన్నది, ఏ రూపంలో ఉన్నది, ఎంత పులుపులో ఉన్నది, అన్నీ చెప్పాలి. మా బడి గుమ్మం దగ్గరకు వచ్చిన పిల్లలందరినీ హాజరుపట్టీలో వేసుకొంటే తనిఖీదారు ఊరుకొనేవాడా?

ఇంతకూ దుమ్మూ పొగా చర్మానికి హాని చేస్తాయన్నది నిజమేనా? నిజమే. జర్మనీలో రూర్ పారిశ్రామిక ప్రాంతంలోనూ, దాని ఎగువనున్న పల్లె ప్రాంతంలోనూ నివసించే 400 మంది వృద్ధ స్త్రీలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడినది. ఎండ, పొగతాగే అలవాటు వంటి ఇతర కారణాలను లెక్కలో తీసివేసిన తరువాత కూడా, వాహనాల మసి ఎక్కువ ఉన్నచోట నుదుటి మీద, చెంపల మీద మచ్చలు సుమారు 20 శాతం ఎక్కువగా కనబడినవి. మసిరేణువులకు అంటుకొన్న కొన్ని నూనె స్వభావపు రసాయనాలు చర్మపు జిడ్డులో కరిగి లోనికి పోతాయి. ఓజోను వాయువు లోనికి పోకుండానే పైపొరలోని ఇ విటమినును, జిడ్డును చెడగొడుతుంది. కనుక జబ్బు కల్పితం కాదు. మందు అని పిలుస్తున్నదానికే నిరూపణ కావాలి.

ఆ నిరూపణకు దారులు లేకపోలేదు. చర్మపు జిడ్డులోని స్క్వాలీన్ అనే పదార్థం పొగ తగిలితే ఎంత చెడుతుందో కొలవవచ్చు. శస్త్రచికిత్సలలో తీసివేసిన చర్మపు ముక్కలను పోషకద్రవంలో సజీవంగా ఉంచి, వాటిపై మసి చల్లి చూడవచ్చు. మనుషుల ముంజేతుల మీద కొలతకు లోబడి పొగ తగిలించి చూడవచ్చు. మన దేశంలో 2014 నుండి సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం నిషిద్ధం. అది మంచి పనే. దానితో మనుషుల మీద చేసే పరీక్షల బాధ్యత పెరిగినది. చిక్కు ఏమనగా, ఎండకు పూసే లేపనాల మీద ఎస్పీఎఫ్ అని అందరూ ఒప్పుకొన్న అంకె ఉన్నట్లు, కాలుష్యానికి పూసే లేపనాలకు సర్వసమ్మతమైన ఒకే అంకె లేదు. ఎవరికి అనువైన పరీక్ష వారు చేసుకొని, ఎవరికి నచ్చిన మాట వారు వ్రాసుకొనే వీలు అక్కడినుండి వస్తున్నది. చూచేవారిని తప్పుదారి పట్టించే మాట సౌందర్య సాధనం మీద ఉండరాదని మన 2020 నాటి నియమావళి చెప్పుచున్నది. అయితే ‘రక్షణ’ అన్న మాట తప్పుదారి పట్టించినదని ఎవరు కొలుస్తారు, ఏ తూనికతో?

అందుచేత నా శిష్యురాలికి నాలుగు ప్రశ్నలు వ్రాసి పంపినాను. పరీక్షించినది ఒట్టి సారాన్నా, డబ్బాలోకి వెళ్ళే పూర్తి క్రీమునా? అదే క్రీమును ఉసిరి లేకుండా తయారుచేసి పక్కన పెట్టి పోల్చినారా? పూసినవారికీ, కొలిచినవారికీ ఏది ఏదో తెలియకుండా దాచినారా? పరీక్షలో నిలిచిన మనుషులు ఎవరు, వారు రోజూ ఎక్కడ తిరిగేవారు?

మొదటి మూడింటికీ జవాబు నిజాయితీగానే వచ్చినది. పరీక్షించినది ఒట్టి సారాన్నే. పూర్తి క్రీము మీద జరిగినది దురద, మంట పుట్టిస్తుందా లేదా అన్న పరీక్ష మాత్రమే. పోలిక లేదు గనుక దాచడమూ లేదు. నాలుగవ ప్రశ్నకు, “అదేంటి మాస్టారూ, ఎక్కడ తిరిగేవారైతే ఏం?” అని ఎదురుప్రశ్న వచ్చినది.

ఆ ప్రశ్నకు జవాబు మా ఊరు. దేశంలో మాంగనీసు తవ్వకం మొట్టమొదట ఆరంభమైనది మా విజయనగరం ప్రాంతంలో, 1892లో. కోదూరు గనుల పేరు మీద ఫెర్మర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఒక శిలకు ‘కోడురైట్’ అని పేరే పెట్టినాడు. గరివిడి, గర్భాం, కోదూరు అన్న పేర్లు లోకానికి ఆ ఖనిజంతోనే తెలిసినవి. ఆ నల్లటి దుమ్ము మా చుట్టుపక్కల ఎన్నో తరాల బ్రతుకుతెరువు. నా తరగతిలో కూర్చున్న పిల్లలలో చాలామంది తల్లిదండ్రులు ఆ పనులకు వెళ్ళినవారే. సాయంత్రం బడికి బిడ్డను తీసుకుపోవడానికి వచ్చిన తల్లి కొంగుతో ముఖం తుడుచుకొంటే కొంగు నల్లబడేది. ఇప్పుడు దానికి తోడు లారీల పొగ, రోడ్ల దుమ్ము. గాలి నాణ్యత మెరుగుపరచడానికి 2019లో కేంద్రం ఆరంభించిన కార్యక్రమంలో విశాఖపట్నంతో పాటు విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలు కూడా చేరినవి. మన ప్రమాణం ప్రకారం 2.5 మైక్రోమీటర్ల సన్నని ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించినది 5 మాత్రమే.

కాలుష్యం నుండి సంపూర్ణ రక్షణ అన్న మాటను ఆ తల్లి చదివితే ఏమనుకొంటుంది? ఆమెకు కాలుష్యం అంటే చెంప మీది మచ్చ కాదు. ఊపిరితిత్తులు, కళ్ళు, బిడ్డ దగ్గు. మాంగనీసు ధూళి దీర్ఘకాలం పీల్చినవారికి నరాల జబ్బు రాగలదని కూపర్ అనే వైద్యుడు స్కాట్లండులో ఖనిజం నూరే కార్మికులను చూచి 1837లోనే వ్రాసినాడు. ఆ దుమ్ముకు కావలసినవి నీటి తడుపు, మూతిముసుగు, కప్పిన లారీ, వైద్య పరీక్ష. ఏ పండు సారమూ వాటి పని చేయదు. కూలి డబ్బులలో కొంత తీసి ఆ డబ్బా కొని, ముఖానికి పూసుకొని, ఇక రక్షణ దొరికినదని ఆమె కొంగు కట్టుకోవడం మానితే, ఆ పాపంలో వాక్యం దిద్దిన పండితునికి భాగం లేదా? అందుకే నాలుగవ ప్రశ్న వేసినాను. అసలైన దుమ్ములో నిలబడేవారు పరీక్షలో లేరు. ప్రకటనలోని అమ్మాయి ముఖంలోనూ లేరు. డబ్బా మీది మాట మాత్రం వారి దాకా చేరుతుంది.

ఇదంతా చదివి నన్ను పరిశోధనకు శత్రువని అనుకోవద్దని మనవి. మా అమ్మ పండుగనాడు నలుగు పెట్టి, కుంకుడుకాయ రసంతో తలంటి, ‘ఒంటిమీది దుమ్ము వదిలింది’ అనేది. కడిగివేయడం అన్న ఆ చిన్న పని దుమ్ముకు ఇప్పటికీ మంచి విరుగుడే. ఆమె అంతకు మించి హామీ ఇవ్వలేదు. ఉసిరిలో గుణం లేదని కూడా నేను అనడం లేదు. ఉన్నదో లేదో సరైనచోట చూడమంటున్నాను. నేడు గాలివాటుగా చేసిన ప్రచారంతో గిరాకీ పెరిగి, రేపు మరొక పండు వంతు వస్తే, నష్టపోయేది సంస్థ కాదు. అది వేరొక డబ్బా అచ్చువేస్తుంది. కొండ మీద కాయ ఏరి సంతకు మోసుకొచ్చే గిరిజనుడు, ఆ ధర నమ్ముకొని చెట్లు నాటిన రైతు నష్టపోతారు. గట్టి పరీక్షలో నెగ్గిన గుణానికి దొరికే ధర నిలుస్తుంది. కనుక నిజమైన పరీక్ష అడగడం ఉసిరికి ద్రోహం కాదు, ఉసిరి పక్షాన నిలబడడమే.

మా పొరుగు జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు జనానికి అర్థమయ్యే భాషలో వ్రాయమని జీవితమంతా పోరాడినారు. తెలుగులో చీటీ వేయడం ఆ దృష్టితో మంచిదే. కాని అర్థమయ్యే భాషలో చెప్పిన అసత్యం అర్థంకాని భాషలోని అసత్యం కంటె ఎక్కువ చేటు. ఆంగ్లంలో ఉన్నంతకాలం అది ఆ తల్లిని తాకలేదు. తెలుగు చేసి ఆమె ఇంటిలోకి పంపబోతున్నది నేనే.

చివరకు నేను పంపిన వాక్యం ఇది: ‘ఇందులో ఉసిరి సారం కలదు. ఆ సారం ప్రయోగశాలలో ఆక్సీకరణను తగ్గించినది. చర్మంపై దుమ్ము, పొగల నుండి కాపాడునో లేదో ఇంకను పరీక్షింపవలసియున్నది.’

చాలాసేపు జవాబు లేదు. తరువాత ఫోను చేసి నవ్వినది. “మాస్టారూ, ఇలా రాస్తే ఒక్క డబ్బా కూడా అమ్ముడుపోదండి.”

“అయితే పరీక్ష చేసి అమ్మండి అమ్మా.”

ఆమె నవ్వు ఆగిపోయినది. “నేను కూడా లోపల అదే అడిగానండి. టైము లేదన్నారు” అన్నది, నెమ్మదిగా. యతి దగ్గర ఊపిరి తీసుకొన్నట్టే ఒక క్షణం ఆగి, “మళ్ళీ అడుగుతాను” అన్నది. ఉద్యోగం చేసుకొనే పిల్ల అంతకంటె ఏమి చెప్పగలదు? నేను ఒత్తిడి చేయలేదు. పింఛను మీద బ్రతికేవానికి నిక్కచ్చిగా ఉండడం సులభమని నాకు తెలియక కాదు.

సంక్రాంతి వెళ్ళిన తరువాత మా మెయిన్ రోడ్డులోని ఫ్యాన్సీ దుకాణంలో ఆ డబ్బా కనబడినది. కళ్ళజోడు పెట్టుకొని చదివినాను. నా వాక్యం లేదు. పాత వాక్యంలో ‘సంపూర్ణ’ పోయినది. ‘రక్షణ’ ఉన్నది. ‘ఉసిరిలోని’ అని విభక్తి మాత్రం సరిగా పడినది. ఒక విశేషణం తొలగించడానికి ఆ పిల్ల ఎన్ని గదులు తిరిగి, ఎవరెవరితో వాదించినదో నాకు తెలియదు. ఆ ఖాళీలో ఆమె చేవ్రాలు నాకు కనబడినది.

ఉసిరిని అరచేతిలో పెట్టుకొని చూచినంతనే అన్నీ స్పష్టమని ఇక నేను తరగతిలో చెప్పలేను. అదృష్టవశాత్తు తరగతులు అయిపోయినవి. మిత్రులకు ఒక మనవి. ‘యాంటీ పొల్యూషన్’ అన్న మాటకు, లేని హామీని ఇవ్వకుండా, వ్యాపారి కూడా కాదనలేని తెలుగు మాట మీ ఎవరికైనా తోస్తే తెలియజేయగలరు. ఈసారి ఆమె ఫోను చేసేసరికి నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండాలని ఆశ.